ఆ వేలు ఎవరిది? – వాత్సల్య రసంలో దగ్గర, దూరం

కాళిదాసు రఘువంశం మూడవ సర్గలో దిలీపుడి కొడుకు రఘువు పసితనాన్ని చెప్పే ఒక చిన్న శ్లోకం ఉంది. దాని భావం ఇది: దాది ముందుగా పలికిన మాటను ఆ పిల్లవాడు తిరిగి పలికాడు, ఆమె వేలు పట్టుకొని నడిచాడు, నమస్కారం నేర్పితే వంగాడు, ఇలా తండ్రి సంతోషాన్ని పెంచాడు.

పిల్లల వైద్యుడిగా ఈ శ్లోకం నన్ను మొదట ఆకట్టుకున్నది దాని పరిశీలన వల్ల. మాట, నడక, నలుగురితో మెలిగే తీరు – ఏడాది వయసు బిడ్డలో మేము విడివిడిగా పరీక్షించే మూడు విషయాలూ నాలుగు పాదాల్లో ఇమిడిపోయాయి. అవి ఒకే వయసుకు చెందినవి కూడా. ఇంచుమించు ఏడాది నిండే వేళకే బిడ్డ అర్థవంతమైన తొలి మాట అంటుంది, పెద్దల వేలు ఆసరాతో అడుగులు వేస్తుంది, చేతులు జోడించడమో ఊపడమో చూసి అనుకరిస్తుంది. కాళిదాసు ఏ పసిబిడ్డనో దగ్గర నుంచి చూసే ఉంటాడని నాకు అనిపించేది.

చాలాకాలం దీన్ని తండ్రి ఆనందానికి ఉదాహరణగానే చదువుకున్నాను. తరవాత ఒక ప్రశ్న మొదలయింది. ఆ వేలు ఎవరిది? పిల్లవాడికి అందిన మాట దాదిది. పట్టుకున్న వేలు దాదిది. నమస్కారం నేర్పినవారెవరో శ్లోకం చెప్పదు. సంతోషం మాత్రం తండ్రిది. శ్రమ ఒకరిదీ ఆనందం మరొకరిదీ అయిన ఈ అమరిక కవి ఉద్దేశించి చేసినది కాకపోవచ్చు. రాచ ఇళ్ళలో జరిగేదే అది. కానీ ఒకసారి కంటపడ్డాక దాన్ని చూడకుండా ఆ శ్లోకాన్ని చదవడం నాకు సాధ్యం కాలేదు. బిడ్డ ఎదుగుదలను చూసి మురిసే మురిపెం మన సాహిత్యంలో ఒకే అనుభవంగా కనిపించదు. బిడ్డకు ఎంత దూరంలో నిలబడి చూస్తున్నారన్నదాన్ని బట్టి దాని స్వరూపమే మారిపోతుంది. ఈ వ్యాసంలో నేను చూపదలచినది ఆ మార్పునే.

లక్షణం ఒకటి, ఉదాహరణ ఒకటి

వాత్సల్యానికి రసస్థాయి అంత తేలికగా దక్కలేదు. పదకొండవ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో పుత్రాదుల పట్ల కలిగే రతిని రసంగా కాక, భావంగానే లెక్కించాడు. పద్నాలుగవ శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వత్సలాన్ని రసంగా ఒప్పుకొని దాని అంగాలన్నీ చెప్పాడు. ఆలంబనం బిడ్డ. ఉద్దీపనాలు బిడ్డ చేష్టలు, విద్య, శౌర్యం, దయ మొదలైనవి. అనుభావాలు కౌగిలింత, ఒళ్ళు నిమరడం, తల ముద్దాడటం, చూస్తూ ఉండిపోవడం, పులకింత, ఆనందబాష్పాలు. ఇక సంచారి భావాలు అనిష్టశంక, హర్షం, గర్వం మొదలైనవి.

సంచారుల వరసను ఒకసారి ఆగి చూడాలి. హర్షానికీ గర్వానికీ ముందు అనిష్టశంక ఉంది. బిడ్డకు ఏమవుతుందోనన్న భయం. ఛందస్సు కోసం ఆ మాట ముందు పడిందని అనవచ్చు. అయినా, బిడ్డను పెంచినవారికి ఆ వరస సహజంగానే తోస్తుంది. నడక నేర్చే బిడ్డ వెనక వంగి రెండు చేతులూ చాచి నడిచే మనిషి ముఖంలో నవ్వు, భయం విడివిడిగా ఉండవు.

ఇంత నిండైన లక్షణం చెప్పిన విశ్వనాథుడు ఉదాహరణగా ఇచ్చినది పైన చెప్పుకున్న రఘువు శ్లోకమే. అందులో హర్షం ఉంది. నేర్చుకున్న నమస్కారం వెనక కొంత గర్వమూ ఉండవచ్చు. అనిష్టశంక మాత్రం లేదు. ఉండడానికి వీలూ లేదు, ఎందుకంటే పిల్లవాడు పడితే పట్టుకోవలసిన చెయ్యి తండ్రిది కాదు. ఆ వేలిని ఇచ్చిన దాది ఏమనుకున్నదో శ్లోకం మనకు చెప్పదు. లక్షణకారుడికి తెలిసినది ఆయన ఎంచుకున్న ఉదాహరణలో పూర్తిగా లేదు.

దిలీపుడికి అన్యాయం చేయకూడదు. ఎన్నో ఏళ్ళు సంతానం లేక, నందిని వెంట అడవిలో తిరిగి, ఆ ధేనువు వరంతో కొడుకును పొందినవాడు. వెంటనే వచ్చే శ్లోకంలో ఆ కొడుకును ఒడిలోకి తీసుకొని, కళ్ళు మూసుకొని, ఎంతోకాలానికి పుత్రస్పర్శ రుచిని తెలుసుకుంటాడు. అది నిజమైన ఆనందమే. అయితే, అది బిడ్డను ఇతరులు పెంచి తెచ్చి ఒడిలో పెట్టగా కలిగే ఆనందం.

దుష్యంతుడు చూడనిది

ఈ దూరం ఇంకా పెరిగితే ఏమవుతుందో కాళిదాసే మరోచోట చూపాడు. శాకుంతలం ఏడవ అంకంలో దుష్యంతుడు మారీచాశ్రమానికి వస్తాడు. అక్కడ ఒక బాలుడు సింహపు కూనను లాగి, పళ్ళు లెక్కపెడతాను నోరు తెరవమని దాన్ని సతాయిస్తుంటాడు. వాణ్ణి ఆపలేక తాపసులు సతమతమవుతుంటారు. వాడు తన కొడుకేనని రాజుకు ఇంకా తెలియదు. అప్పుడు అతడు అనుకునే మాటలు ప్రసిద్ధం: కారణం లేని నవ్వులో మొగ్గల్లాంటి పళ్ళు కాస్తకాస్త కనిపిస్తుండగా, తెలిసీ తెలియని అక్షరాలతో ముద్దుగా మాట్లాడుతూ, ఒడిలోకి రావాలని మారాం చేసే బిడ్డలను ఎత్తుకొని వారి ఒంటి దుమ్ముతో మాసిపోయేవారు ధన్యులు అంటాడు.

ఈ శ్లోకాన్ని వాత్సల్యానికి పరాకాష్ఠగా చెప్పడం మామూలే. కానీ ఇందులోని బిడ్డ వయసెంత? పళ్ళు అప్పుడప్పుడే కనిపించేది, మాటలో అక్షరాలు స్పష్టం కానిది, ఏడాది, ఏడాదిన్నర వయసులో. రంగస్థలం మీద ఉన్న పిల్లవాడు సింహం పళ్ళను లెక్కపెట్టగలవాడు. అడిగినదానికి జవాబు చెప్పగలవాడు. తాపసులు తెస్తామన్న మట్టి నెమలిబొమ్మ చేతికి వస్తే గాని కూనను వదలనని బేరం పెట్టగలవాడు. శ్లోకంలోని వయసును ఈ పిల్లవాడు ఎప్పుడో దాటేశాడు. అంటే, దుష్యంతుడు వర్ణిస్తున్నది ఎదుట ఉన్న బిడ్డను కాదు. తాను చూడకుండా పోయిన బిడ్డను. ఆ సంగతి అతడికి తెలియదు, మనకు తెలుసు. ఈ శ్లోకపు విషాదమంతా ఆ తేడాలోనే ఉంది. రాజు మరిచిపోయిన ఏళ్ళలోనే కొడుక్కి పళ్ళు వచ్చాయి, మాటలు వచ్చాయి. గుర్తుపట్టిన తరవాత భార్య దొరికింది, కొడుకు దొరికాడు, రాజ్యానికి వారసుడు దొరికాడు. ఆ దుమ్ము మాత్రం అతడి ఒంటికి అంటలేదు.

దూరం తండ్రులందరికీ విధించబడినదేమీ కాదు. సంగం కాలపు పురనానూరులో 188వ పాట పాండ్యరాజు అఱివుడై నంబి పేర ఉంది. చిన్న చిన్న అడుగులతో వచ్చి, చెయ్యి చాచి, నేతి అన్నంలో పెట్టి, తాకి, నోట కరచి, కలిపి, ఒంటినిండా పూసుకొనే బిడ్డ లేనివారికి ఎంత సంపద ఉన్నా బతుకు నిష్ఫలమని ఆ రాజు అంటాడు. పాటలో క్రియల మీద క్రియలు వస్తాయి. పిల్లవాడు చేసే ఒక్కొక్క పనీ లెక్కకు వస్తుంది. అంత వివరంగా చెప్పాలంటే అదే కంచం దగ్గర కూర్చుని ఉండాలి.

పని ఆగిపోయిన ఇల్లు

విశ్వనాథుడి లక్షణం మొత్తానికీ తగిన ఉదాహరణ నాకు భాగవతం దశమస్కంధంలో దొరికింది. ఎనిమిదవ అధ్యాయంలో రామకృష్ణులు మోకాళ్ళ మీద పాకే ఘట్టం ఉంది. తమ మువ్వల చప్పుడుకే మురిసిపోతూ, దారినపోయే ఎవరి వెంటనో కొంతదూరం పాకి, అంతలో తెల్లబోయి, భయపడినట్టుగా తల్లుల దగ్గరికి తిరిగి వస్తారు. మా వైద్యశాస్త్రానికి ఇది బాగా పరిచితమైన దృశ్యం. తొమ్మిది నెలల ప్రాంతంలో బిడ్డకు కొత్తవారంటే బెరుకు మొదలవుతుంది. అదే వయసులో తల్లిని ఒక స్థావరంగా చేసుకొని లోకంలోకి కొంచెం వెళ్ళి రావడమూ మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో జాన్ బౌల్బీ, మేరీ ఎయిన్స్‌వర్త్ వివరించిన సంగతి ఇది. భాగవతకారుడు ఒక్క శ్లోకంలో ఆ వెళ్ళడాన్నీ రావడాన్నీ పట్టుకున్నాడు.

మూలంలో ఉన్న ఆ ‘భయపడినట్టుగా’ అన్న మాట భక్తులకు ముఖ్యం. దేవుడికి భయమేమిటి, అది నటన అని వారి అన్వయం. ఆ అన్వయాన్ని తోసిపుచ్చే అవసరం లేదు. కానీ లీల అన్న మాట దగ్గరే మన వ్యాఖ్యానం ఆగిపోతే, ఆ నటనకు మాతృక అయిన మామూలు బిడ్డను చూడకుండా దాటిపోతాం. ఏ పసిబిడ్డా అలా చేయకపోతే దేవుడు ఎవరిని చూసి నటించాలి?

ఆ తరవాతి శ్లోకాల్లో పిల్లలు లేగదూడల తోకలు పట్టుకొంటారు. దూడలు పరుగెత్తితే వాటి వెంట ఈడ్చుకుపోతారు. చూసే గోపికలు ఇంటి పనులు మరిచి నవ్వుతారు. వెనువెంటనే కవి కొమ్ముల జంతువులను, కోరల జంతువులను, నిప్పును, కత్తులను, నీటిని, పక్షులను, ముళ్ళను వరసగా చెప్తాడు. వీటి నుంచి పిల్లలను ఆపలేక, ఇంటి పనీ చేసుకోలేక తల్లుల మనసు కుదురు తప్పిందంటాడు. ఈ జాబితా చూసినప్పుడల్లా, బిడ్డ పాకడం మొదలుపెట్టగానే తల్లిదండ్రులకు నేను అప్పజెప్పే జాగ్రత్తలు గుర్తొస్తాయి: పొయ్యి, కత్తులు, నీళ్ళ తొట్టి, పెంపుడు జంతువులు. ఇక్కడ హర్షం, అనిష్టశంక పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య పని ఆగిపోయిన ఇల్లు ఉంది. దగ్గర నుంచి చూసేవారి వాత్సల్యానికి ఆనవాలు ఆ ఆగిపోయిన పనే. దిలీపుడి రాజ్యంలో ఏ పనీ ఆగినట్టు కవి చెప్పలేదు.

పోతన ఈ ఘట్టాన్ని తనదైన తీరులో పెంచాడు. దుమ్ము కొట్టుకొన్న బాలకృష్ణుణ్ణి శివుడితో పోల్చిన సీసపద్యం బడిలో తెలుగు చదువుకున్న వారందరికీ పరిచితమే: ఒంటి దుమ్ము విభూతిగా, నుదుటి బొట్టు మూడో కన్నుగా, హారంలోని నీలమణి కంఠంలోని నలుపుగా కనిపిస్తాయి. శైవ వైష్ణవ సమన్వయానికి ఉదాహరణగా దీన్ని మాకు పాఠం చెప్పారు. ఇప్పుడు చదివితే నాకు ముందుగా కనిపించేది ఆ దుమ్ము. దుష్యంతుడి ఒంటికి అంటనిది అదే. పోతన పెంచి చెప్పిన మరో భాగం గోపికల ఫిర్యాదులు. వారు చెప్పేవన్నీ నేరాలు. చెప్పే తీరంతా మురిపెం. మన వీధుల్లో ఇప్పటికీ ‘మీవాడు ఏం చేశాడో తెలుసా అమ్మా’ అని మొదలయ్యే ఫిర్యాదుల్లో సగం ఇలాంటివే.

చందమామను చూపే వేలు

కావ్యం చెప్పకుండా వదిలిన దాది మాట మరెక్కడా లేదా? ఉంది. జోలపాటల్లో, ఆటపాటల్లో ఉంది. వాటిని కట్టినవారి పేర్లు చాలావరకు మనకు తెలియవు. కావ్యం బిడ్డ ఎదుగుదలను వర్ణిస్తే, ఈ పాటలు ఆ ఎదుగుదలను జరిపించే పనిలోనే పుట్టాయి. జోల నిద్రపుచ్చుతుంది. తారంగం చేతులను కలిపి తట్టడం నేర్పుతుంది. చందమామను పిలిచే పాట అన్నం తినిపిస్తుంది. అది చేసే పని అంతటితో అయిపోదు.

చిన్నబిడ్డకు వేలితో దేన్నైనా చూపిస్తే ముందు వేలినే చూస్తుంది. వేలు ఒక దిక్కును చెబుతోందని, ఆ దిక్కున చూడవలసినది ఒకటుందని గ్రహించడానికి మొదటి ఏడాదిలో చాలా భాగం పడుతుంది. ఏడాది నిండే వేళకు తానే వేలు చాచి చూపడం మొదలుపెడుతుంది. కావలసినదాన్ని అడగడానికి చూపడం ఒకటి. ‘అదిగో చూడు’ అని తన ఆశ్చర్యాన్ని పంచుకోవడానికి చూపడం మరొకటి. రెండోది చాలా విలువైనది. ఒకటిన్నర, రెండేళ్ళ వయసుల్లో ఆటిజం ఆనవాళ్ళ కోసం చేసే పరీక్షలో ఈ చూపడం గురించి ప్రత్యేకంగా అడుగుతాం. చందమామ చేతికి అందదు, తినడానికి పనికిరాదు. చూసి, చూపి, సంతోషించడానికి తప్ప మరెందుకూ కాదు. అందరాని వస్తువును ఎంచుకొని, సాయంత్రం తరవాత సాయంత్రం అదే వేలితో చూపించిన మన అమ్మమ్మలు బిడ్డకు ఏమి నేర్పుతున్నారో ఆలోచిస్తే, ఆ పాటను ‘అన్నం తినిపించే పాట’ అని మాత్రమే వర్గీకరించడం చాలదనిపిస్తుంది.

పట్టికలో లేని మనిషి

మా వృత్తి ఇచ్చిన పట్టిక కూడా ఒక పాఠ్యమే. దాన్నీ సాహిత్యాన్ని చదివినట్టే చదవవచ్చు. అమెరికాలో సి.డి.సి. 2022లో తన ఎదుగుదల పట్టికలను సవరించింది. ఒక వయసుకు కనీసం 75 శాతం పిల్లలు చేయగలిగేవాటినే ఆ వయసు కింద చేర్చింది. పాకడాన్ని పూర్తిగా తీసేసింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కొందరు పాకకుండానే నడుస్తారు కనుక అందుకు కారణం లేకపోలేదు. భాగవతకారుడు అంత ఇష్టంగా చెప్పిన దృశ్యం మా పట్టికలో లేకుండా పోయిందని నవ్వుకున్నాను.

పట్టికను నేను తక్కువ చేయడం లేదు. వినికిడి లోపం, కండరాల బలహీనత, ఆటిజం వంటివి ఆలస్యం కాకుండా తెలుసుకోవడానికి అది మాకు దారి చూపుతుంది. పైగా మురిపెం కళ్ళకు గంతలు కట్టగలదు. ‘మా ఇంట్లో మగపిల్లలకు మాటలు ఆలస్యమే’ అన్న ధీమాతో రెండేళ్ళు దాటినా వినికిడి పరీక్ష చేయించని కుటుంబాలను చూశాను. విశ్వనాథుడి పరిభాషలో చెప్పాలంటే, అక్కడ హర్షమూ గర్వమూ ఉన్నాయి గాని అనిష్టశంక తన పని చేయడం మానేసింది. వత్సలానికి ఆ సంచారి అవసరమే.

పట్టికలోని లోపం మరొకటి. అందులో బిడ్డ ఒక్కతే ఉంటుంది. మాట అంటుంది, నడుస్తుంది, చూపిస్తుంది. ఎవరితో, ఎవరి వేలు పట్టుకొని, ఎవరికి అన్నది అక్కడ రాసి ఉండదు. నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఇది తరచు ఎదురవుతుంది. బిడ్డ వేలితో చూపిస్తుందా అని తండ్రిని అడిగితే అతడు భార్యవైపు చూస్తాడు. ఆమె మూలన కుర్చీలో కూర్చున్న తన తల్లివైపు చూస్తుంది. ఇద్దరివీ ఉద్యోగాలు. ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చిన ఆ పెద్దావిడే పగలంతా బిడ్డతో ఉండేది. ఆమెను తెలుగులో అడిగితే సమాధానం ఆగకుండా వస్తుంది: ఫ్యాను వైపు చూపి తిప్పమంటుందట, కిటికీలో ఉడత కనిపిస్తే లాక్కెళ్ళి చూపిస్తుందట, చూపించి తన ముఖంలోకి చూసి నవ్వుతుందట. నాకు కావలసింది ఆ చివరి మాటే.

మాటలెన్ని వచ్చని అడిగితే తల్లిదండ్రులు వేళ్ళ మీద ఇంగ్లీషు మాటలు లెక్కపెట్టి నాలుగో అయిదో అంటారు. తాత, బువ్వ, జోజో, చిచ్చి, బూచి లెక్కలోకి రావు. రెండు భాషల ఇంట్లో రెండిటి మాటలనూ కలిపి లెక్కించాలన్నది మా వృత్తిలో అంగీకరించిన సంగతే. కలిపితే చాలామంది పిల్లలకు అసలు ఆలస్యమే ఉండదు. అలా కలపక, రెండు భాషల వల్లనే మాట ఆలస్యమవుతోందని భయపడి ఇంట్లో తెలుగు మానేసినవారు ఉన్నారు. వారి భయానికి వైద్యంలో ఆధారం లేదు. బిడ్డ పక్కనే కూర్చుని ఆ తెలుగు మాటలు విన్న మనిషిని ఎవరూ అడగకపోవడం వల్ల ఇది జరుగుతోంది. ఆరు నెలలు గడిచి ఆవిడ వెళ్ళిపోయాక, బిడ్డ అనే ‘బూ’ ఏమిటో ఆ ఇంట్లో చెప్పగలిగేవారు ఉండరు.

ఇది ఇతరులను విమర్శించడానికి రాస్తున్నది కాదు. మా అమ్మాయి తొలి అడుగులు వేసిన రోజున నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. అప్పటికి ఫోన్లలో వీడియోలు లేవు. మాకు సాయంగా వచ్చి ఉన్న మా అమ్మ ఆ సంగతి ఫోనులో చెప్పింది. అప్పుడే పిల్లల వైద్యం నేర్చుకుంటున్నవాణ్ణి. నేను అడిగిన మొదటి ప్రశ్న, “ఎన్ని అడుగులు వేసింది?”

“లెక్కపెట్టలేదురా,” అంది అమ్మ. “నా వేలు వదిలేసింది. పడుతుందేమోనని వెనకాలే వంగి నడిచాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.”

అడుగుల సంఖ్య కోసం మళ్ళీ అడిగాను. ఆవిడ మళ్ళీ వేలి సంగతే చెప్పింది. దిలీపుడి శ్లోకంలో దాది మాట్లాడి ఉంటే ఏమనేదో ఆ రోజు విన్నానని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు బిడ్డను పరీక్షించే ముందు గదిలో ఉన్నవారిలో ఎవరి ఒడిలో బిడ్డ ఎక్కువసేపు ఉంటుందో తెలుసుకొని, మొదటి ప్రశ్న వారినే అడుగుతున్నాను.